ఏ మందు, ఏ జబ్బుకు, ఎవరి పూచీ: సంప్రదాయ వైద్యాన్ని ప్రజారోగ్య వ్యవస్థలో చేర్చడం ఎలా

సంప్రదాయ వైద్యాన్ని ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థలోకి తేవాలని నిర్ణయం కాగానే చాలాచోట్ల మొదట లేచేది బోర్డు. ఒక శాఖ పుడుతుంది, దానికో డైరెక్టర్ వస్తారు, ఆసుపత్రి ఆవరణలో ఓ మూల గది ఖాళీ చేసి ఇస్తారు. ఆ గదిలోని వైద్యుడికీ ఎదుటి గదిలోని డాక్టరుకీ మధ్య ఒక్క చీటీ కూడా నడవదు. రోగి మాత్రం ఇద్దరి దగ్గరికీ వెళ్తూనే ఉంటాడు, ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకుండా. నేను మందుల భద్రత విభాగంలో పనిచేసినదాన్ని. దుష్ప్రభావాల నివేదికలు చదవడమే నా ఉద్యోగం. ఆ నివేదికల్లో నాకు అన్నిటికంటే ఎక్కువగా ఎదురైంది ఒక ఖాళీ గడి. 'రోగి వాడుతున్న ఇతర మందులు' అని అచ్చయి ఉంటుంది, ఎదురుగా ఏమీ రాసి ఉండదు. అందుకే ఈ పని ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరడిగినా నేను ఆ గడినే చూపిస్తాను. శాఖలూ చట్టాలూ కావాలి, వాటి సంగతికీ వస్తాను.

ఆరోగ్య శాఖలో ఈ బాధ్యత నెత్తిన పడ్డవాళ్ల కోసం రాస్తున్నాను: కార్యక్రమ అధికారులు, జిల్లా వైద్యాధికారులు, మందుల కొనుగోలు చూసేవాళ్లు. సంప్రదాయ వైద్యం గొప్పదా కాదా అన్న వాదన ఇందులో లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రచురించిన నివేదిక చూస్తే, ఏదో ఒక రూపంలో అది వాడుకలో ఉందని ఒప్పుకున్న సభ్య దేశాలు 170. జాతీయ విధానం అంటూ ఉన్నవి 98. మనం పిలిచినా పిలవకపోయినా అది ఇప్పటికే మన రోగి కడుపులో ఉంది. పిలిస్తే కనీసం ఏముందో తెలుస్తుంది.

ముందు లెక్క తీయండి

'ప్రజల్లో 80 శాతం మంది సంప్రదాయ వైద్యం మీదే ఆధారపడుతున్నారు' అన్న మాట దశాబ్దాలుగా ఒక ప్రసంగం నుంచి ఇంకో ప్రసంగంలోకి నడుస్తూ వస్తోంది. దాన్ని మీ ప్రణాళికలో మొదటి వాక్యంగా పెట్టకండి. అది మీ దేశపు లెక్క కాదు. పైగా 'ఆధారపడటం' అంటే ఏమిటో ఆ వాక్యం చెప్పదు. నడుం నొప్పికి నూనె రాసుకునేవాడూ, కేన్సర్‌కు కీమో మానేసి మూలికలు మింగేవాడూ ఒకే లెక్కలో పడిపోతారు.

మీకు కావలసిన సర్వే చిన్నది. ఓపీకి వచ్చినవాళ్లను, మందుల కౌంటరు దగ్గర నిలబడ్డవాళ్లను, దీర్ఘకాలిక జబ్బులకు నెలనెలా వచ్చేవాళ్లను అడగండి. ఏ జబ్బుకు, ఏ మందు, ఎవరిచ్చారు, ఆసుపత్రి మందుతో కలిపి వాడారా, దాన్ని మాని ఇది వాడారా. ఈ చివరి ప్రశ్నే అసలుది. కలిపి వాడేవాళ్లు ఎక్కువైతే మీ సమస్య మందుల మధ్య పొసగకపోవడం. మాని వాడేవాళ్లు ఎక్కువైతే మీ సమస్య వైద్యం ఆలస్యం కావడం. రెండింటికీ చేయాల్సిన పనులు వేరు, బడ్జెట్లు వేరు. 'మీరు సంప్రదాయ వైద్యాన్ని నమ్ముతారా?' అని మాత్రం అడగకండి. నమ్మకాల మీద ఎన్ని పట్టికలు వేసినా మందులు తెప్పించే ఇండెంటు ఒక్కటి కూడా రాయలేం.

పద్ధతిని గంపగుత్తగా చేర్చకండి

'ఆయుర్వేదాన్ని చేర్చాలా?', 'చైనా వైద్యాన్ని చేర్చాలా?' అని అడిగితే కమిటీ ఏళ్ల తరబడి తేల్చదు. తేల్చలేదు కూడా. ఒక్కో వైద్య పద్ధతి కింద వందల మందులు, చికిత్సలు, పథ్యాలు, సూత్రాలు ఉంటాయి. వాటిలో కొన్ని పనిచేస్తాయి, కొన్ని హానిలేనివి, కొన్ని ప్రమాదకరం. అందుకని ప్రతి అంశాన్నీ విడిగా ఈ ఒక్క వాక్యంలో రాయించమంటాను:

ఫలానా మందు లేదా చికిత్స, ఫలానా జబ్బుకు, ఫలానా స్థాయి ఆసుపత్రిలో, ఫలానా అర్హత ఉన్నవారి చేతుల మీదుగా. తేడా వస్తే జవాబు చెప్పేది ఫలానావారు.

ఇందులో ఐదు ఖాళీలున్నాయి. ఐదూ నిండితేనే లోపలికి. సాధారణంగా మొదటి రెండూ చకచకా నిండుతాయి, ఐదోదాని దగ్గర గదిలో మాటలు ఆగిపోతాయి. ఆగనివ్వండి. ఆ పూచీ ఎవరిదో తేలకుండా మందు అల్మారాలోకి వెళ్తే, రేపు రోగికి కామెర్లు వచ్చిన రోజున రెండు గదుల వైద్యులూ చేతులు దులుపుకుంటారు.

థాయిలాండ్ ఇలా అంశాలవారీగానే నడిచింది. అక్కడి జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో నేలవేము, పసుపు గుళికలు మిగతా మందుల్లాగే పేరుతో, వాడాల్సిన జబ్బుతో సహా ఉంటాయి. 2002లో వచ్చిన సార్వత్రిక ఆరోగ్య పథకం కింద థాయి మర్దన, మూలికల కాపడం, బాలింతల సంరక్షణ కూడా అందుతాయి. అందులో మెచ్చుకోవలసింది మూలికల మీద భక్తిని కాదు, జాబితా రాసిన తీరుని.

రుజువు ఎంత కావాలి?

ఎక్కువ గొడవ ఇక్కడే జరుగుతుంది కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

ఒక పక్షం 'వేల ఏళ్లుగా వాడుతున్నాం, ఇంకేం రుజువు?' అంటుంది. రెండో పక్షం 'పెద్ద ట్రయల్ లేనిదే చీపురుపుల్ల కూడా ముట్టం' అంటుంది. ఇద్దరికీ నేను చెప్పే కథ ఆర్టెమిసినిన్ అనే మలేరియా మందుది. వియత్నాం యుద్ధకాలంలో మలేరియాకు కొత్త మందు కోసం చైనా 1967 మే 23న ఒక రహస్య పథకం మొదలుపెట్టింది. తేదీని బట్టే దాని పేరు 523. అందులో తూ యూయూ బృందం పాత గ్రంథాలు తిరగేస్తూ వందల మూలికలను పరీక్షించింది. చింగ్‌హావ్ అనే మొక్క ఒకసారి పనిచేస్తోంది, ఇంకోసారి చేయడం లేదు. 4వ శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ రాసుకున్న చికిత్సలో ఆ మొక్కను మరిగించమని లేదు. నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమని ఉంది. వేడికి గుణం పోతోందేమో అన్న అనుమానం అక్కడ పుట్టింది. తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో సారం తీశారు. 1971లో అది జంతువుల్లో మలేరియా మీద పనిచేసింది. 2015లో తూ యూయూకు నోబెల్ వచ్చింది.

'వేల ఏళ్ల' పక్షం ఈ కథను ఇక్కడే ఆపేస్తుంది. ఆ తర్వాత జరిగిందే మనకు ముఖ్యం. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది తూచిన మోతాదులో ఆర్టెమిసినిన్ జాతి మందునీ, దానికి తోడు ఇంకో మందునీ కలిపిన బిళ్లను. అదే మొక్క ఆకులతో కాచిన కషాయాన్ని మలేరియాకు వాడొద్దని 2019లో విడిగా ప్రకటించింది. ఆకులో సారం ఎంతుందో పంటను బట్టి, కాచే తీరును బట్టి మారిపోతుంది. చాలీచాలని మోతాదు పడితే రోగి కోలుకోడు సరికదా, క్రిమి మందుకు అలవాటు పడిపోతుంది. ఒకే మొక్క: ఒక రూపం జాతీయ కార్యక్రమంలోకి వచ్చింది, ఇంకో రూపం గుమ్మం బయటే ఆగింది.

అలాగని ప్రతిదాంట్లోంచీ ఒక రసాయనం విడదీసి తెమ్మని పట్టుబట్టడం కూడా దండగ. మర్దన, ఆక్యుపంక్చర్, యోగాసనాల్లో విడదీయడానికి ఏముంది? దీర్ఘకాలపు నడుం నొప్పికి వాటిని పరీక్షించే పద్ధతులు వేరే ఉన్నాయి, పరీక్షించారు కూడా. నా కొలత ఇది: జబ్బు ఎంత ప్రాణాంతకమైతే రుజువు అంత గట్టిగా ఉండాలి. మందు ఒంట్లోకి ఎంత లోతుగా వెళ్తే రుజువు అంత గట్టిగా ఉండాలి. దానికోసం వేరే మందు మానాల్సి వస్తే రుజువు ఇంకా గట్టిగా ఉండాలి. కీళ్ల నొప్పికి పైపూతనూ, మధుమేహానికి ఇన్సులిన్ బదులు ఇచ్చే చూర్ణాన్నీ ఒకే తక్కెడలో తూచకూడదు. మొదటిదానికి చర్మం మండుతుందా లేదా, నాణ్యత నిలకడగా ఉందా అని చూసి ఒప్పుకోవచ్చు. రెండోదానికి నేను సంతకం పెట్టను.

రాజకీయ ఒత్తిడి వస్తుంది, సిద్ధంగా ఉండండి. 2020 ఏప్రిల్‌లో మడగాస్కర్ అధ్యక్షుడు స్వయంగా కోవిడ్‌కు ఒక మూలికా పానీయాన్ని ఆవిష్కరించారు. అప్పటికి ట్రయల్ ఫలితాలేవీ లేవు. మహమ్మారి తలుపు తట్టినప్పుడు కూర్చుని నియమాలు రాసుకోవడం కుదరదు కాబట్టి, అత్యవసర పరిస్థితిలో ఒక మందును ఎలా పరీక్షిస్తారో, ఎవరు అనుమతిస్తారో మామూలు రోజుల్లోనే కాగితం మీద పెట్టుకోవాలి.

ఒకే కేస్ షీటు

ఇక ఆ ఖాళీ గడి సంగతి. రెండు గదులున్నా ఫరవాలేదు, రెండు రిజిస్టర్లు ఉండకూడదు. రోగికి ఒకే నంబరు, ఒకే కేస్ షీటు. సంప్రదాయ వైద్యుడు ఇచ్చింది కూడా అందులోనే పడాలి.

రోగిని అడిగే తీరు కూడా మార్చాలి. 'ఇంకేమైనా మందులు వాడుతున్నారా?' అంటే పదిమందిలో తొమ్మిదిమంది లేదనే అంటారు. వాళ్ల దృష్టిలో కషాయం మందు కాదు. అబద్ధమేమీ చెప్పడం లేదు పాపం. అందుకే నేను నర్సులకు ఇలా అడగమని చెప్పేదాన్ని: 'ఆకు, వేరు, పొడి, లేహ్యం, నూనె, కషాయం, ఇంట్లో చేసుకున్నదైనా బయట తెచ్చుకున్నదైనా, ఈ నెలలో ఏమన్నా తీసుకున్నారా? ఎవరు చెప్పారు? ఇంకా వాడుతున్నారా?' అడిగేటప్పుడు మొహంలో తీర్పు కనిపించకూడదు. ఒక్కసారి 'అవన్నీ ఎందుకు మింగావమ్మా' అని కసిరితే, ఆవిడ మరి ఈ జన్మలో నిజం చెప్పదు. పక్కన కూర్చున్న నలుగురూ చెప్పరు.

ఇంత పట్టుదల దేనికంటే, జపాన్‌లో ఏం జరిగిందో చూడండి. అక్కడ కాంపో అనే సంప్రదాయ మూలికా మందులు ఆరోగ్య బీమాలోనే ఉన్నాయి, రాసేదీ ఎంబీబీఎస్‌తో సమానమైన డాక్టర్లే. షో-సైకో-టో అనే మందును కాలేయ జబ్బుకు విరివిగా రాసేవారు. అదే జబ్బుకు ఇంటర్‌ఫెరాన్ అనే ఆధునిక ఇంజెక్షన్ మందు కూడా ఇచ్చేవారు. రెండూ కలిసినవాళ్లలో ఒక రకం తీవ్రమైన న్యుమోనియా కనిపించింది. 1994లో రెండింటినీ కలిపి వాడకూడదన్నారు. మరణాలు కూడా నమోదు కావడంతో 1996లో అత్యవసర హెచ్చరిక జారీ చేశారు. దీన్ని నేను జపాన్ వైఫల్యంగా చెప్పను. రెండు మందులూ ఒకే రికార్డులో ఉన్నాయి కాబట్టి ఆ లంకె దొరికింది. మూలికలు అల్మారా చాటున తాగే దేశంలో అయితే ఆ మరణాలు ఉత్త న్యుమోనియా మరణాలుగా మిగిలిపోయేవి.

యూరప్‌లో దిగులుకు వాడే సెయింట్ జాన్స్ వార్ట్ అనే మూలిక ఇంకో ఉదాహరణ. కాలేయంలో మందులను విరగ్గొట్టే ఎంజైములను అది పెంచుతుంది. గుండె మార్పిడి చేయించుకున్న ఇద్దరు దాన్ని వాడటంతో, కొత్త గుండెను కాపాడే సైక్లోస్పోరిన్ మందు మోతాదు రక్తంలో పడిపోయి, శరీరం ఆ గుండెను తిరస్కరించడం మొదలుపెట్టిందని 2000లో వైద్యులు ప్రచురించారు. హెచ్ఐవీ మందుల్లో, గర్భనిరోధక మాత్రల్లో కూడా అదే బెడద. అంతదూరం ఎందుకు, అతిమధురం ఎక్కువకాలం ఎక్కువ మోతాదులో తీసుకుంటే పొటాషియం తగ్గుతుంది, రక్తపోటు పెరుగుతుంది. గుండె జబ్బుకు డిగాక్సిన్ వాడుతున్నవాళ్లకు అది ప్రాణం మీదికి తేవచ్చు. మీ దేశంలో ఎక్కువగా వాడే మూలికలు ఏవో సర్వేలో తేలుతాయి కదా. వాటిని ఒకవైపు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, డిగాక్సిన్, మూర్ఛ మందులు, హెచ్ఐవీ మందులు, షుగరు మందులను మరోవైపు పెట్టి ఒక్క పేజీ పట్టిక తయారుచేయించండి. రెండు గదుల్లోనూ గోడకు అంటించండి. ఖర్చు లేని పని.

రోగ నిర్ధారణ కోడ్‌లు కూడా జంటగా రాయాలి. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ఐసీడీ-11లో, అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల కోడ్‌ల పట్టికలో, 26వ అధ్యాయం సంప్రదాయ వైద్య నిర్ధారణల కోసమే చేర్చారు. అది అదనపు అధ్యాయం, మరణ కారణాల నమోదుకు పనికిరాదు. మామూలు కోడ్ పక్కన దాన్ని రాస్తే ఏ రోగి ఏ జబ్బుకు ఏ వైద్యానికి వెళ్తున్నాడో మొదటిసారిగా లెక్క దొరుకుతుంది.

వైద్యులు: ఎవరిని, ఏ పనికి

సంప్రదాయ వైద్యులంతా ఒక జాతి కాదు. ఐదేళ్లు కాలేజీలో చదివి పట్టా తీసుకున్నవారు ఉన్నారు. తండ్రి దగ్గర నేర్చుకున్నవారు, ఎముకలు కట్టేవారు, మంత్రసానులు, మంత్రాలతో నయం చేసేవారు ఉన్నారు. ప్రాథమిక ఆరోగ్యంపై 1978లో వెలువడిన అంతర్జాతీయ అల్మా-అటా ప్రకటనలోనే, అవసరాన్ని బట్టి సంప్రదాయ వైద్యులు కూడా తగిన శిక్షణతో ప్రాథమిక ఆరోగ్య బృందంలో ఉండవచ్చని రాశారు. 'తగిన శిక్షణ' అన్న రెండు మాటలు ఒక్కొక్కరికీ ఒక్కో అర్థం ఇస్తాయి. దక్షిణాఫ్రికా 2007 చట్టంలో మూలికా వైద్యులు, సోదె చెప్పి నయం చేసే సంగోమాలు, మంత్రసానులు, సంప్రదాయ సున్తీ చేసేవారు అంటూ తరగతులు విడదీశారు. ఘనా 2000లో చట్టం తెచ్చి, మరుసటి ఏడాదే విశ్వవిద్యాలయంలో మూలికా వైద్యానికి డిగ్రీ కోర్సు మొదలుపెట్టింది.

పట్టా ఉన్నవారితో వచ్చే చిక్కు వేరు: డాక్టర్ల కొరత ఉన్నచోట వీళ్లతోనే అల్లోపతి మందులు రాయించేద్దాం అన్న ఆలోచన. భారత్‌లో 2017 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ బిల్లులో ఇందుకోసం బ్రిడ్జి కోర్సు, అంటే అదనపు శిక్షణ, పెట్టాలన్న అంశం ఉండేది. గట్టి వ్యతిరేకత రావడంతో 2018లో తీసేశారు. ఖాళీలు భర్తీ చేయడం ఒక విధానం, సంప్రదాయ వైద్యాన్ని చేర్చడం ఇంకో విధానం. రెండూ ఒకే ఫైల్లో పెడితే తాను చదువుకున్న వైద్యం చేసే అవకాశమే ఆ వైద్యుడికి దొరకదు, యాంటీబయాటిక్‌లు రాస్తూ కూర్చుంటాడు.

పట్టా లేనివారి విషయంలో నేను శిక్షణ కంటే ముందు అడిగేది గీత. ఎక్కడివరకు మీరు, ఎక్కడినుంచి మేము? ఎముకలు కట్టేవారిని తీసుకోండి. బిగుతుగా కట్టిన కట్టు వల్ల రక్తం ఆడక గాంగ్రీన్ వచ్చి, కాలో చెయ్యో తీసేయాల్సిన పరిస్థితి నైజీరియా, ఇథియోపియా ఆసుపత్రులకు బాగా తెలుసు. నిషేధించినంత మాత్రాన జనం వెళ్లడం మానరు. వాళ్లకు నేర్పాల్సింది శరీర శాస్త్రమంతా కాదు, నాలుగే నాలుగు గుర్తులు: వేళ్లు చల్లబడటం, రంగు మారడం, తిమ్మిరెక్కడం, కట్టు కింద నొప్పి గంటగంటకూ పెరగడం. ఏ ఒక్కటి కనిపించినా కట్టు అక్కడికక్కడే విప్పేసి ఆసుపత్రికి పంపాలి. చర్మం చీల్చుకుని ఎముక బయటికొస్తే అసలు ముట్టకూడదు. మూలికా వైద్యులకు ఇంకో గీత: రెండు వారాలు దాటిన దగ్గు ఎవరిదైనా సరే ముందు క్షయ పరీక్షకు వెళ్లాలి, మందు ఆ తర్వాత.

మంత్రసానుల విషయంలో ప్రపంచమే మనసు మార్చుకుంది. ఏళ్లపాటు శిక్షణలిచ్చారు, కిట్లిచ్చారు. కాన్పులో రక్తస్రావం మొదలైతే శిక్షణ పొందిన మంత్రసాని చేతిలో కూడా దానికి మందు లేదు. అందుకే 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ ప్రసూతి సంఘాలు కలిసి చేసిన ప్రకటనలో 'నైపుణ్యం గల కాన్పు సహాయకులు' అన్న నిర్వచనంలో వాళ్లను చేర్చలేదు. అలాగని ఇంటికి పొమ్మనకండి. గర్భిణిని ఆసుపత్రికి తీసుకురావడం, కాన్పు గదిలో తోడుండటం, బాలింతను చూసుకోవడం వాళ్లు చేసినంత బాగా ఇంకెవరూ చేయరు. ఆ పనికి జీతం కట్టండి.

రిఫరల్ చీటీ రెండువైపులా నడవాలి. నాటు వైద్యుడు పంపిన రోగిని చూసిన డాక్టరు, 'మీరు పంపినవారికి క్షయ తేలింది, ఆరు నెలల మందు మొదలుపెట్టాం, మీరు ధైర్యం చెబుతుండండి' అని రెండు ముక్కలు రాసి వెనక్కి పంపాలి. ఈ తిరుగు చీటీ రాని చోట మొదటి చీటీ కూడా కొన్నాళ్లకు ఆగిపోతుంది. పంపిన రోగికింత అని కమీషన్ మాత్రం పెట్టకండి, జలుబు చేసినవాళ్లు కూడా క్యూలో నిలబడతారు. రోగి దారి ఖర్చులు ఇవ్వండి చాలు. ఉగాండాలో 1992లో మొదలైన థీటా అనే సంస్థ ఎయిడ్స్ విషయంలో ఇలాగే సంప్రదాయ వైద్యులనూ డాక్టర్లనూ ఒకచోట కూర్చోబెట్టింది. కూర్చోబెట్టడమంటే నాటు వైద్యుడికి పాఠం చెప్పడమొక్కటే కాదు. డాక్టర్లకూ ఒక పూట శిక్షణ కావాలి, ముఖ్యంగా ఎగతాళి చేయకుండా వినడంలో.

కొనుగోలు, నాణ్యత

బెల్జియంలో 1990ల మొదట్లో బరువు తగ్గించే క్లినిక్‌లో గుళికలు వాడిన వందమందికి పైగా మూత్రపిండాలు పాడయ్యాయి. వాళ్లలో చాలామందికి డయాలసిస్సో మార్పిడో తప్పలేదు, తర్వాత కొందరికి మూత్రనాళాల్లో కేన్సర్ వచ్చింది. ఫాంగ్ జీ అనే చైనా మూలిక వేయాల్సిన చోట, పేరు దగ్గరగా ఉన్న గ్వాంగ్ ఫాంగ్ జీ పడింది. అది అరిస్టోలోకియా జాతి, అందులో మూత్రపిండాలకు విషమైన ఆమ్లం ఉంది. దుకాణపు పేర్లతో మూలికలు కొంటే జరిగేది ఇదే.

కాబట్టి టెండరు పత్రంలో వాడుక పేరు ఒక్కటే ఉంటే వెనక్కి పంపండి. వృక్షశాస్త్ర నామం, మొక్కలో ఏ భాగం, ఎండిందా పచ్చిదా, ఎలా గుర్తుపట్టి నిర్ధారించారు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలి. ముడి మూలికల్లో సీసం కిలోకు 10 మిల్లీగ్రాములు, కాడ్మియం 0.3 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. పాదరసం, ఆర్సెనిక్, పురుగుమందుల అవశేషాలు, బూజు విషాలు కూడా పరీక్షించాలి. ఇంకొకటి మరిచిపోతారు: కల్తీ. మూలికా మందులో స్టెరాయిడ్, నొప్పి మాత్ర, షుగరు మాత్ర రహస్యంగా కలపడం. 'ఒక్క డోసుకే నొప్పి మాయం' అన్న నివేదిక వస్తే నేను సంతోషించేదాన్ని కాదు, శాంపిల్ ల్యాబుకు పంపించేదాన్ని. లోహ భస్మాలు వాడే పద్ధతులున్న దేశాల్లో వాటిని ప్రాథమిక కేంద్రాల స్థాయిలో పెట్టకపోవడం మేలని నా అభిప్రాయం. పరీక్ష సదుపాయం, రక్తంలో సీసం చూసే ల్యాబు ఉన్న పెద్ద ఆసుపత్రికే వాటిని పరిమితం చేయాలి.

మొక్కలు ఎక్కడినుంచి వస్తాయో కూడా అప్పుడే చూడాలి. ప్రభుత్వం కొనడం మొదలుపెట్టగానే గిరాకీ ఒక్కసారిగా లేస్తుంది. ప్రోస్టేట్ మందు కోసం బెరడు ఒలిచి ఒలిచి ఆఫ్రికాలో ప్రూనస్ ఆఫ్రికానా చెట్టు పలచబడిపోతే 1990ల్లోనే అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం కింద దాని వ్యాపారాన్ని నియంత్రించాల్సి వచ్చింది. హిమాలయాల జటామాంసి గతీ అదే. సాగు చేయలేని మొక్కను జాతీయ జాబితాలో పెట్టకండి.

ఆ జ్ఞానం ఎవరిదో వాళ్లకు వాటా ఇవ్వాలన్న సంగతి న్యాయ విభాగానికి మొదటి రోజే చెప్పండి. ఆకలిని చంపే హూడియా మొక్క మీద దక్షిణాఫ్రికా పరిశోధన మండలి పేటెంట్ తీసుకున్నాక, తరతరాలుగా దాన్ని వాడుతున్న సాన్ ఆదివాసులతో ఒప్పందం 2003లో గానీ కుదరలేదు. జీవవనరుల లాభాల్లో వాటా గురించిన అంతర్జాతీయ ఒప్పందం నగోయా ప్రోటోకాల్ 2014 నుంచి అమల్లో ఉంది, ముందు అనుమతి, తర్వాత పరిశోధన అన్నదే దాని సారం.

డబ్బు

బీమా చెల్లించని వైద్యం వ్యవస్థలో చేరినట్టు కాదు. దక్షిణ కొరియా 1987లోనే తన సంప్రదాయ వైద్యాన్ని జాతీయ బీమాలోకి తెచ్చింది. ఘనాలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో మూలికా విభాగాలు తెరిచినా చాలాకాలం రోగి జేబులోంచే కట్టాల్సి వచ్చేది. అప్పుడు ఆ విభాగానికి వచ్చేది ఎవరు? ఉన్నవాళ్లు. స్విట్జర్లాండ్‌లో 2009 ప్రజాభిప్రాయ సేకరణలో మూడింట రెండొంతుల మంది అవుననడంతో ప్రత్యామ్నాయ వైద్యాలు కొన్ని బీమాలోకి వచ్చాయి, అయితే అర్హత ఉన్న డాక్టరు చేస్తేనే. ఇంగ్లండ్ 2017లో హోమియోపతి, మూలికా మందులను ప్రభుత్వ ఖర్చుతో రాయొద్దని డాక్టర్లకు సూచించింది. ఓటుతో లోపలికి వచ్చినవీ ఉన్నాయి, రుజువు చాలక బయటికి పోయినవీ ఉన్నాయి. నేను రెండో దారి మనిషిని, అయితే జనం అడుగుతున్నదేమిటో వినకుండా తలుపు మూస్తే వాళ్లు ఎక్కడికి వెళ్తారో కూడా చూశాను.

తీసేసే నియమం

చేర్చేటప్పుడే తీసేయడం ఎలాగో రాసుకోండి. జాబితాలోకి వచ్చిన ప్రతి అంశానికీ గడువు పెట్టండి, మూడేళ్లు అనుకుందాం. ఆ గడువులోపు ఎంతమందికి ఇచ్చారు, ఎంతమంది మధ్యలో మానేశారు, ఎన్ని దుష్ప్రభావాలు, ఎంతమందిని పైఆసుపత్రికి పంపారు అన్న లెక్క రాకపోతే అది దానంతటదే జాబితా నుంచి జారిపోవాలి. ఉంచాలంటే మళ్లీ ఐదు ఖాళీలూ నింపి దరఖాస్తు చేయాలి. ఇలా తిరగరాయకపోతే ఒకసారి చేరింది ఏనాటికీ పోదు, తీసేద్దామన్న అధికారి సంస్కృతికి శత్రువైపోతాడు.

దుష్ప్రభావాల ఫారం సంప్రదాయ వైద్యుడి గదిలోనూ ఉండాలి. మామూలు ఫారానికి మూడు గడులు చేర్చండి: మూలిక వృక్షశాస్త్ర నామం, తయారీ రూపం, ఎక్కడ దొరికింది. మిగిలిన పొడినో ఆకునో రోగి తెస్తే పారేయకుండా కవరులో వేసి, తేదీ రాసి, ఫారానికి పిన్ను కొట్టి పంపమనండి. నివేదిక పంపినవాళ్ల మీద విచారణ ఉండదని ఉత్తర్వులో స్పష్టంగా రాయండి. ఆ ఒక్క వాక్యం లేకపోతే మొదటి ఏడాది మీకు వచ్చే నివేదికలు సున్నా. ఆ సున్నాను చూసి 'మా మందులు పూర్తిగా సురక్షితం' అని ఎవరో ఒకరు వార్షిక నివేదికలో రాసేస్తారు.